కుజుడి మీద ఆలుగడ్డలు

మొన్న సంక్రాంతి సెలవులకి వస్తూ వస్తూ మా మనవరాలు నాకో లావుపాటి ఇంగ్లీషు నవల తెచ్చిపెట్టింది. "అమ్మమ్మా, ఇందులో ఒకాయన కుజగ్రహం మీద ఒంటరిగా చిక్కుబడిపోయి, ఆలుగడ్డలు పండించుకుని బతుకుతాడు. నీకు బాగా నచ్చుతుంది" అంది. ఏడు పదులు దాటిన దాన్ని చూసి ఈ పుస్తకం నచ్చుతుందని ఎలా అనిపించిందో! బహుశా ఆలుగడ్డల్ని చూసి అని ఉంటుంది. వంటింటి వస్తువు ఒకటి కనిపిస్తే చాలు, అది మనకి సంబంధించిన పుస్తకమేనని పిల్లల లెక్క.

తీరా మొదలుపెట్టాక ఆ లెక్క తప్పు కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మూడో రోజుకి పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారాయి. మావారు వచ్చి స్టవ్ ఆర్పి, "కుజుడి మీద పాలు కూడా దొరుకుతాయా?" అని అడిగి వెళ్ళిపోయారు.

పుస్తకం పేరు 'ది మార్షియన్'. రాసినాయన ఆండీ వియర్ అని ఒక కంప్యూటర్ ప్రోగ్రామరు. 2009 నుంచీ తన సొంత ఇంటర్నెట్ పేజీలో అధ్యాయం వెంట అధ్యాయం ఉచితంగా పెడుతూ వచ్చాట్ట, అచ్చం మన వీక్లీల్లో సీరియల్ వచ్చినట్టు. మన సీరియళ్ళకి పాఠకులు ఎలాంటి ఉత్తరాలు రాసేవారో మీకు తెలుసు. కథానాయికని చంపొద్దనీ, అత్తగారికి బుద్ధి వచ్చేలా చేయమనీ. ఈయనకి మాత్రం, ఇక్కడ నీ రసాయనశాస్త్రం తప్పు, అక్కడ నీ లెక్క తప్పు అని వచ్చేవట. ఆయన ఓపిగ్గా దిద్దుకునేవాడట. 2014లో పెద్ద ప్రచురణకర్తలు వేశారు, 2015లో సినిమా వచ్చింది. అవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. చదువుతున్నప్పుడు నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆ మార్క్ వాట్నీ అనేవాడు అచ్చం నెలాఖరు ఇల్లాలిలా ఆలోచిస్తున్నాడు.

డబ్బాలన్నీ కింద పరిచి, ఇంకెన్ని రోజులకి ఎంత తిండి ఉందో లెక్క వేసుకుంటాడు. చాలదు. పండక్కి వండుకుందామని పంపిన పచ్చి ఆలుగడ్డలు కాసిని ఉన్నాయి. వాటిని కళ్ళున్న ముక్కలుగా కోస్తాడు. మట్టి కుజుడిది, అందులో ప్రాణం లేదు. భూమి నుంచి తెచ్చిన గుప్పెడు మట్టిని తోడు వేసి, ఇక ఎరువంటారా, తన మరుగుదొడ్డిలోదే కలుపుతాడు. (ఇక్కడ నేను కాసేపు పుస్తకం పక్కన పెట్టిన మాట వాస్తవమే. కానీ పల్లెలో కాపురం చేసినవాళ్ళకి ఇందులో వింతేముంది?) పాలలో చెంచాడు పెరుగు వేసి తెల్లారేసరికి తోడుకుందా లేదా అని చూసుకునే వాళ్ళం మనం. మట్టికి మట్టి తోడు వేస్తున్నాడంటే మనకి కాక మరెవరికి అర్థమవుతుంది?

నీళ్ళు లేవు. హైడ్రజీన్ అనే రాకెట్టు ఇంధనాన్ని విడగొట్టి, అందులోని హైడ్రోజన్‌ని కొద్దికొద్దిగా ఆక్సిజన్‌తో మండించి నీళ్ళు చేస్తాడు. అన్నీ సరిగ్గా కొలుచుకుంటాడు. అయినా ఢాం అని పేలుతుంది. ఎందుకో తెలుసా? తాను వదిలే ఊపిరిలో కూడా కాస్త ఆక్సిజన్ మిగిలి ఉంటుందన్న సంగతి లెక్కలో వేసుకోవడం మరిచిపోయాడు. అది చదివి నేను పకపకా నవ్వాను. కారం, ఉప్పు, ఆవపిండి, నూనె అన్నీ తక్కెట్లో తూచినట్టు వేసి, జాడీ అడుగున తడి తుడవడం మరిచిపోయిన ఆవకాయ గుర్తొచ్చింది. ఏ మహిమ వల్లో కాకుండా ఇలాంటి చిన్న మరుపు వల్ల పేలింది చూడండి, అక్కడే ఆ కథ నాకు నిజమైపోయింది.

ఆ సంబరంలోనే మనవరాలికి ఫోన్ చేశాను. అది నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. "అంతా సైన్సే కానీ అమ్మమ్మా, మొట్టమొదటి తుఫాను మాత్రం అబద్ధం" అంది. కథ మొదట్లో పెద్ద గాలిదుమారం వచ్చి, రాకెట్టు పక్కకి ఒరిగిపోబోతుంది. ఈయన గాయపడి ఎగిరిపడితే చనిపోయాడనుకుని మిగిలిన అయిదుగురూ వెళ్ళిపోతారు. కుజుడి మీద వాయువు ఒత్తిడి మన భూమి మీద దాంట్లో నూరోవంతు కూడా ఉండదు. అక్కడ ఎంత వేగంగా గాలి వీచినా మనకి తగిలేది పిల్లగాలి లాంటిదే. రాకెట్టుని పడదోయడం కల్ల. ఆ సంగతి రాసినాయనకీ తెలుసుట, తెలిసే రాశాట్ట. మనిషిని అక్కడ ఒంటరిగా వదిలిపెట్టాలి కదా మరి!

నిజం చెప్పొద్దూ, నాకు కాస్త మోసపోయినట్టనిపించింది. తర్వాత నా మీద నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళుగా రామాయణం చదువుతున్నానా, పుష్పకవిమానం ఏ ఇంధనంతో నడిచిందని ఒక్కనాడైనా అడిగానా? ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉంటుందంటే చేతులు జోడించానే తప్ప కొలతలు అడగలేదే! 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు, కాలయంత్రం ఎక్కి కృష్ణదేవరాయల కొలువుకి వెళ్ళారంటే పిల్లలతో పాటు చప్పట్లు కొట్టాను. మరి ఈ ఒక్క గాలిదుమారం దగ్గర మోసం అనిపించడం ఏమిటి?

ఆలోచిస్తే ఇలా తోచింది. పుష్పకం నన్ను లెక్క చూడమనలేదు. ఈ పుస్తకం చూడమంది. ప్రతి పేజీలోనూ, ఇదిగో లెక్క, కావలిస్తే కూడి చూసుకో అంటూ వచ్చింది. కొట్టువాడు తూకం వేస్తూ తక్కెడ మన వైపు తిప్పి చూపిస్తే మనం ఇంకేమీ అడగం. ఆ తక్కెట్లోనే చిన్న అయస్కాంతం ఉందని తెలిస్తే, అసలు తూకమే లేకుండా దోసిలితో పోసేవాడి మీద రానంత కోపం వీడి మీద వస్తుంది.

ఈ తగువు పాతదే. ఫ్రాన్సులో జూల్ వెర్న్ 1865లో చంద్రుడి మీదికి మనుషుల్ని పెద్ద ఫిరంగితో పంపే నవల రాశాడు. ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ 1901లో చంద్రుడి మీదికే పంపాడు గాని, భూమ్యాకర్షణ సోకని ఏదో పదార్థాన్ని కల్పించి పంపాడు. వెర్న్‌గారికి అది నచ్చలేదు. తాను తుపాకిమందు వాడాననీ, ఆయన ఎక్కడా లేనిదాన్ని కనిపెట్టాడనీ, ఉంటే చూపించమనండనీ పత్రికలవాళ్ళతో అన్నాడు. వినడానికి వెర్న్‌దే న్యాయంగా ఉంది. తీరా చూస్తే, ఆ ఫిరంగి పేలిన క్షణంలోనే ఆ అదటుకి లోపలివాళ్ళు ముద్దయిపోతారు. నమ్మబలికినవాడి కథలో మనుషులు చచ్చిపోవాలి, నమ్మొద్దన్నట్టు చెప్పినవాడి కథలో బతుకుతారు! (అన్నట్టు, వెర్న్ జలాంతర్గామి నడిపించిన కెప్టెన్ నీమో మనవాడేనండోయ్. తర్వాతి నవలలో ఆయన బుందేల్‌ఖండ్ రాజకుమారుడనీ, టిప్పు సుల్తాను బంధువనీ తేలుస్తాడు.)

మా పక్క, జనగామ దగ్గర బమ్మెరలో పుట్టాడని మేం గర్వంగా చెప్పుకునే పోతన్నగారి భాగవతంలో, శుక్రాచార్యులు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకవచ్చో జాబితా చెబుతాడు. స్కూల్లో అందరం బట్టీ పట్టిన పద్యమే. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, డబ్బు పోయేటప్పుడు, మానం పోయేటప్పుడు, ఇలా సాగుతుంది. అందులో నవలలు రాసేవాళ్ళకీ, కథలు చెప్పేవాళ్ళకీ ఎక్కడా మినహాయింపు లేదు! ఇన్ని సడలింపులిచ్చిన గురువుగారు దాన్ని మరిచిపోయారో, అది బొంకే కాదనుకున్నారో.

బొంకు కాదనే నేనూ అనుకునేదాన్ని, 1979 దాకా.

అప్పటికి మేం కాటారం వచ్చి రెండేళ్ళయింది. హనుమకొండలో పెరిగిన దాన్ని. మావారికి ఇక్కడి బళ్ళో ఉద్యోగం. అప్పట్లో ఇది కరీంనగర్ జిల్లా. (2016 నుంచి భూపాలపల్లి జిల్లా. మేం ఇల్లు మారకుండానే జిల్లా మారింది.) చుట్టూ అడవి. ఎండాకాలంలో తునికాకు, ఇప్పపూలు. బస్సు వస్తేనే పేపరు వచ్చేది, అదీ మధ్యాహ్నానికి. వీక్లీ రెండు మూడు రోజులు ఆలస్యం. అది రాగానే నేను చదివేసి, పనులయ్యాక వేపచెట్టు కింద చేరే ఆడవాళ్ళకి సీరియల్ కథ చెప్పేదాన్ని. చెప్పడమంటే ఉన్నది ఉన్నట్టు కాదు. ఓ వారం వీక్లీ రాకపోతే ఆ వారం కథ నేనే అల్లేసేదాన్ని. వాళ్ళు తేడా కనిపెట్టకపోవడం నాకు లోపల్లోపల గొప్పగా ఉండేది.

మా ఇంటికి పాలు పోసే అవ్వ ఒకామె ఉండేది. పాలవ్వ అనే పిలిచేవాళ్ళం. చెంబు పక్కన పెట్టి, చివరిదాకా కూర్చుని వినేది ఆమే.

ఆ జూన్ నెలాఖరులో స్కైలాబ్ సంగతి మొదలైంది. 1973లో అమెరికావాళ్ళు పైకి పంపిన ఆకాశపు ఇల్లు అది. 77 టన్నుల బరువు. 1974 తర్వాత అందులో మనుషులు లేరు. సూర్యుడి మీద అలజడి ఎక్కువై, ఆ వేడికి పైన ఉన్న పలచని గాలి ఉబ్బి, దాని వేగాన్ని కొద్దికొద్దిగా తినేసింది. అనుకున్న దానికంటే ముందే కిందికి జారుతోంది. ఎక్కడ పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేమన్నారు.

ఇంతకంటే మంచి సీరియల్ ఎవరు రాస్తారు చెప్పండి! నేను విజృంభించాను. బరువు చెప్పాను, ఎత్తు చెప్పాను, గంటన్నరకొకసారి భూమిని చుడుతుందని చెప్పాను. మావారి స్కూలు అట్లాసు తెచ్చి చాపమీద పరిచాను. దాని దారి భూమధ్యరేఖకి అటు 50 డిగ్రీలు, ఇటు 50 డిగ్రీల మధ్యే అని పేపర్లో ఉంది. మన ఊరు 18 డిగ్రీల పైచిలుకు. "చూశారా, సరిగ్గా మనం దాని దారిలోనే ఉన్నాం" అన్నాను. ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉందేమో చూడండి. లేదు. మద్రాసు, కలకత్తా, కైరో, పారిస్ కూడా ఆ దారిలోనే ఉన్నాయని, అన్నిటికంటే ఎక్కువగా సముద్రం ఉందని మాత్రం చెప్పలేదు. ఎవరో ఒకరికి దెబ్బ తగలడానికి 152కి ఒక వంతు అవకాశం ఉందనీ, ఫలానా మనిషికే తగలాలంటే 60 వేల కోట్లకి ఒక వంతనీ లెక్కలు కూడా వచ్చాయి. అదీ చదివాను. చదివి, చెప్పకుండా మింగేశాను. చెబితే కథ చప్పబడిపోతుంది.

ఆ పైన నావి కూడా రెండు కలిపాను. పడితే బొగ్గుబాయి అంత గుంత అవుతుందన్నాను. ఓ సాయంత్రం ఆకాశంలో కదిలిపోతున్న చుక్కని చూపించి, అదిగో అదే అన్నాను. అది ఏమిటో నాకు తెలియదు. తెలియదని అనలేదు, అంతే.

పాలవ్వ ఆ చుక్క కనుమరుగయ్యేదాకా చూసి, "గింత సన్నగున్నది, గంత బరువెట్లయితదమ్మా?" అని అడిగింది. దూరం వల్ల అలా కనిపిస్తుందని చాలా శాస్త్రీయంగా వివరించాను.

జూలై 11, బుధవారం అన్నారు. ఆ ముందు రోజుల్లో తెలంగాణ పల్లెల్లో ఎంత గోల జరిగిందో ఆ వయసువాళ్ళని అడగండి. పోయేప్పుడు ఏం కట్టుకుపోతాం అని కోళ్ళని కోసుకుతిన్నారు, మేకల్ని అమ్ముకున్నారు. 2021లో వచ్చిన 'స్కైలాబ్' సినిమా కూడా మా పాత కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లి కథగానే నడుస్తుంది. థియేటర్లో అందరూ నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే, పాలవ్వకి ఒక మేక ఉండేది. బిడ్డ పెళ్ళికని పెంచుకుంటోంది. ఆ మంగళవారం నాడు దాన్ని సగం ధరకి అమ్మేసింది. ఆ డబ్బుతో బియ్యం, మాంసం, బిడ్డకి గాజులు కొని, ఇంటిల్లిపాదీ కడుపునిండా తిని, బుధవారం రాత్రి ఇంట్లో పడుకోకుండా గుడి దగ్గర అరుగు మీద పడుకున్నారట. మన లెక్కన ఆ రాత్రి పది దాటాక స్కైలాబ్ హిందూ మహాసముద్రం మీదుగా విరిగి, కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరాన ఎస్పెరాన్స్ అనే ఊరి చుట్టుపక్కల పడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. చెత్త వేసినందుకు ఆ ఊరివాళ్ళు అమెరికాకి 400 డాలర్ల జరిమానా రాశారు!

గురువారం పొద్దున పాలవ్వ ఎప్పటిలాగే వచ్చింది. "పళ్ళేదు గదమ్మా!" అని నవ్వింది. మేక సంగతి అప్పుడే చెప్పింది, పక్కింటి వార్త చెప్పినట్టు. "ఎందుకమ్ముకున్నావవ్వా, ఊళ్ళో అందరూ అన్నారనేనా?" అన్నాను, ఆశగా.

"అందరు అంటే నేన్నమ్మలె. ఊరన్నంక ఏదో ఒకటి అంటరు. నువ్వు బుక్కుల జూసి, లెక్క గట్టి జెప్తివి గద."

తిట్టినా బాగుండేది.

ధర్మరాజు కథ అప్పటిదాకా నాకు మరోలా అర్థమయ్యేది. అశ్వత్థామ చచ్చాడన్నాడు, ఏనుగని గొణిగాడు, పాపం తగిలింది, నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే రథం నేలకి దిగింది. ఏనుగు నిజంగానే చచ్చింది కదా, అంత పాపం ఎక్కడుందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఆ గురువారం తర్వాత అనిపించింది. ఏనుగు చావడమే ఆ మాటలోని విషం. ఉత్త అబద్ధమైతే ధర్మరాజు నోట వచ్చేదే కాదు. భీముడు అంతకుముందు అదే అరిస్తే ద్రోణుడు నమ్మలేదు. నిజమే తప్ప చెప్పడన్న పేరునీ, నిజంగా చచ్చిన ఏనుగునీ రెంటినీ కలిపి వాడారు. నా అట్లాసు కూడా అలాంటి ఏనుగే.

డబ్బు ఇవ్వబోయాను. మేక అసలు ధర ఎంత ఉంటుందో మావారితో కనుక్కుని, పోయిన సగం లెక్కగట్టి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నోట్లు విప్పి చూసి, అందులోంచి పది రూపాయలు తీసి గట్టు మీద పెట్టేసింది. "గంత రాదమ్మా. దానికి ఎనక కాలు కుంటి. సంతల ఎవ్వడు గంత పెట్టడు" అంది. మిగిలింది కొంగున కట్టుకుని పోయింది. తన సొమ్ము తానే తగ్గించుకుని తూకం సరిచేసిన ఆ మనిషి ముందు, నా 77 టన్నులూ, 50 డిగ్రీలూ ఏపాటివి?

ఆ తర్వాత చాలాకాలం కథలు చెప్పడం మానేశాను. సైన్సు కథలైతే చదవడం కూడా మానేశాను. ఆ రోజుల్లోనే వీక్లీల్లో చేతబడికి హిప్నాటిజం కలిపి, దయ్యానికి డాక్టరుచేత సర్టిఫికెట్టు ఇప్పించే సీరియళ్ళు వరదలా వచ్చాయి. తెల్లకోటు వేసుకున్న పాత్ర కనిపిస్తే చాలు, పేజీ తిప్పేసేదాన్ని.

విచిత్రం ఏమిటంటే, స్కైలాబ్ గురించి నిజంగా చెప్పదగ్గ కథలు నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. అది పైకి వెళ్ళేటప్పుడే ఎండనుంచి కాపాడే కవచం ఊడిపోయింది. లోపలంతా కొలిమి. మనుషులు ఉండాలంటే నీడ కావాలి. హ్యూస్టన్‌లో పెద్ద గొడుగులాంటి తెర రూపొందించారు. దాన్ని కుట్టింది ఎవరనుకున్నారు? కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళు. పదకొండు రోజుల తర్వాత బయల్దేరిన ముగ్గురు వ్యోమగాములు దాన్ని మడిచి పట్టుకెళ్ళి, చిన్న కంతలోంచి బయటికి తోసి విప్పారు. ఆ ఇల్లు చల్లబడింది. ఇంకొకటి: బరువు తెలియని చోట సాలీడు గూడు అల్లగలదా అని జూడిత్ మైల్స్ అనే స్కూలుపిల్ల అడిగితే, అరబెల్లా, అనీటా అని రెండు సాలెపురుగుల్ని పంపారు. మొదట చిందరవందరగా అల్లి, రానురాను కుదురుగా అల్లాయట. వేపచెట్టు కింద ఈ రెండూ చెప్పి ఉంటే పాలవ్వ మురిసిపోయేది. మేకా మిగిలేది.

నిజానికి ఇంతకంటే నమ్మశక్యం కానివి మా పక్కనే ఉన్నాయి. కాటారం నుంచి కాళేశ్వరం సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అక్కడ గోదావరిలో ప్రాణహిత కలుస్తుంది. అప్పట్లో పడవ ఎక్కితే అవతలి ఒడ్డు సిరోంచ, మహారాష్ట్ర. ఆ సిరోంచ తాలూకాలోనే పోచంపల్లి అనే ఊరి దగ్గర 1958 నుంచి 1961 దాకా కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వి, పద్నాలుగు మీటర్ల పొడుగు రాక్షసబల్లి ఎముకలు తీశారు. 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బరపా అంటే బెంగాలీలో పెద్దకాలు. దాని తొడ ఎముకే మనిషంత ఉంటుంది. ఆ రాతిపొరల్లోనే దొరికిన మరొకటి కోటాసారస్, 1988లో పేరు పెట్టారు, ఇప్పుడు హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబడి ఉంది. కోట్ల ఏళ్ళ కిందట అవి ఈ నేలమీదే మేశాయి. ఈ సంగతి మావారు ఎప్పుడో చెబితే పాలవ్వ "రాకాసులుండిరేమో" అని తేల్చేసింది, నమ్మలేదు. జరగనిది నా నోట వింటే నమ్మింది, జరిగింది మావారి నోట వింటే నమ్మలేదు. నిజం ఒకటీ, నమ్మేట్టు ఉండటం ఇంకొకటీ అని అంతకంటే బాగా నాకెవరు చెబుతారు?

నన్ను మళ్ళీ ఇటువైపు లాగింది రొకేయా బేగం. మా అమ్మాయి కాలేజీలో ఉండగా తెచ్చిన పుస్తకాల్లో 'సుల్తానాస్ డ్రీమ్' కనిపించింది. 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో అచ్చయిన కథ. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ తెలుగింట పుట్టినావిడే. ఆ కథలో ఆడవాళ్ళు రాజ్యం చేస్తుంటారు, మగవాళ్ళు జనానాలో ఉంటారు. మేఘాల్లోంచి గొట్టాలతో నీళ్ళు దింపుకుంటారు. సూర్యుడి వేడిని పట్టి దానితో వంట చేసుకుంటారు. వంటింట్లో పొగ లేదు, మసి లేదు! పదేళ్ళుగా తడికట్టెలు ఊది ఊది కళ్ళు పోగొట్టుకున్న దాన్ని, ఆ పేజీ దగ్గర ఎంతసేపు ఆగానో. తర్వాత మా ఇంటికీ ఒక సోలార్ కుక్కర్ వచ్చింది లెండి. పప్పు ఉడికేలోగా ఆకలి చచ్చేది. అయినా, కల అని పేరులోనే చెప్పుకున్న ఆ కథ నా దగ్గర ఏ మేకనీ అమ్మించలేదు. పొయ్యి వైపు చూసి, ఇది ఇలాగే ఉండాలా అని మాత్రం అడిగించింది.

నన్నడిగితే ఆండీ వియర్‌ని కూడా అందుకే క్షమించేశాను. ఒక్క గాలిదుమారాన్ని అప్పు తెచ్చుకున్నాడు. అడిగినవాళ్ళకి, అవును, అది అప్పే అన్నాడు. అట్ట మీద నవల అని ఉంది. పాఠకులు తప్పు చూపిస్తే దిద్దాడు. ఇన్ని చేశాక కూడా మోసం అంటే నా గొంతే నాకు వినసొంపుగా ఉండదు. అయితే, చదివేవాళ్ళందరికీ అట్ట కనిపిస్తుందా, ఆ పుస్తకంలోని ముక్క చేతులు మారి, నోళ్ళు మారి, అట్ట ఊడిపోయి మరొకరి ఇంటికి చేరదా అంటే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఫోన్లలో అట్టలు ఊడిన ముక్కలే రోజూ వస్తున్నాయి. 1979లో నేను ఒక్కదాన్నే ఉన్నాను వేపచెట్టు కింద.

పాలవ్వ పోయి చాలా ఏళ్ళయింది. గాజులు కొనిపించుకున్న ఆ బిడ్డకి ఇప్పుడు అరవై దాటాయి. పక్క ఊళ్ళోనే కాపురం. పెరట్లో కాసిన వంకాయలో, చిక్కుళ్ళో పట్టుకుని వారానికోసారి వస్తుంది. మొన్న వచ్చినప్పుడు బల్ల మీద ఈ పుస్తకం చూసి, అట్ట మీది మనిషిని చూసి, "ఎవలమ్మా, గీ టోపాయన?" అంది.

నాకు గొంతు సవరించుకోవాలనిపించింది. ఎన్నేళ్ళయిందో అలా అనిపించి. ముందు జాగ్రత్తగా చెప్పాను. "ఇది కథ. నిజంగా జరగలేదు. కుజుడి మీదికి ఇంతవరకూ మనుషులెవరూ వెళ్ళలేదు. మొదట్లో వచ్చే గాలి కూడా అబద్ధమే." కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు అన్నీ ముందే ఒప్పేసుకుని, అప్పుడు మొదలుపెట్టాను. డబ్బాలు, లెక్కలు, ఆలుగడ్డల ముక్కలు, ఎరువు. ఎరువు దగ్గర ఆమె ముక్కు మూసుకోలేదు. "సొంతదేనా? సరిపోతదా మరి?" అని మాత్రం అంది.

"కథే కదా, ఏదో రాశాడులే" అన్నాను, ఎందుకైనా మంచిదని.

"కతనే అని నాకెర్కనే, నువ్వు జెప్పితివి గద. గని నిజంగ గా మట్టిల గడ్డలు మొలుస్తయా, మొలువయా? గది జెప్పు."

2008లో ఫీనిక్స్ అనే యంత్రం కుజుడి మట్టిని పరీక్షిస్తే పెర్‌క్లోరేట్లు అనే లవణాలు కనిపించాయనీ, అవి మనిషికి మంచివి కావనీ మనవరాలు చెప్పి ఉంది. అదే చెప్పాను. ఆ మట్టిలో ఉప్పులాంటి విషం ఒకటి ఉందట, అయితే నీళ్ళలో కరుగుతుందట, మట్టిని ముందు బాగా కడిగి ఆరబెట్టి వేస్తే మొలవచ్చు అన్నాను.

చిక్కుళ్ళు చేటలో పోస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"తాగనీకే నీళ్ళు లెవ్వంటివి. మన్ను గడగనీకి యాడికెల్లి దెచ్చిండు?"

నేను కళ్ళజోడు పెట్టుకుని, నీళ్ళ లెక్క ఉన్న పేజీ కోసం వెనక్కి తిప్పడం మొదలుపెట్టాను.